కార్బైడ్ మేడం బెల్లం వేట

బందరు

బందరులో దిగి పావుగంట కాకముందే ఒక మామిడిపళ్ళ బండాయన్ని పరుగెత్తించాను. అలాంటి ఘనత నేను కోరుకోలేదు, దానంతటదే దక్కింది. స్టేషను బయట రెండు కాయలు బేరమాడుతుంటే ఆయన "ఏం పనిమీద వచ్చారండీ?" అని అడిగాడు. మా అనంతపురంలో కొత్తమనిషిని ముందు ఏ ఊరని అడుగుతారు, పని సంగతి నిదానంగా వస్తుంది. ఇక్కడ కాయలు తూచేలోపే పని, జీతం, పెళ్ళి మూడూ అడిగేస్తారు. నాకు అబద్ధం చెప్పడం చేతకాదు. "కార్బైడ్ మీదండీ" అన్నాను.

ఆయన చేతిలో తక్కెడ ఆగిపోయింది. "మాయి గడ్డిలో మాగేసినయ్యండీ మేడం గారూ, కావాలంటే వాసన చూస్కోండి" అంటూనే కాయల మీద పట్టా కప్పేసి, బండి తోసుకుంటూ సందులోకి మాయమయ్యాడు. నేను బేరం కుదుర్చుకున్న రెండు కాయలూ ఆ పట్టా కిందే వెళ్ళిపోయాయి. పక్కనున్న అరటిపళ్ళావిడ నాకేసి చూసి, గెల వెనక్కి తిప్పి పెట్టుకుంది.

ఆ కార్బైడ్ వేరు, నా కార్బైడ్ వేరు. అది సున్నానికి చుట్టం. కాయల్ని దొంగచాటుగా మాగబెడతారు దాంతో, మాగబెట్టకూడదు. నాది ఇనుముకీ కర్బనానికీ కుదిరిన సంబంధం. మామూలుగా ఈ పెళ్ళి జరగాలంటే కొలిమిలో విపరీతమైన వేడి కావాలి. అంత వేడిలో రేణువులన్నీ కలిసి ముద్దన్నం అయిపోతాయి. నాకు కావలసింది కంటికి కాదు కదా, మామూలు సూక్ష్మదర్శినికి కూడా ఆనని పొడి, అదీ విడివిడిగా. అందుకని తక్కువ వేడిలో చెయ్యాలి. విశాఖపట్నంలో ఒక ల్యాబులో కూర్చుని నా పీహెచ్‌డీ కోసం మూడేళ్ళుగా నేను చేస్తున్నది ఇదే. మా అమ్మ మాత్రం చుట్టాలకి "పొయ్యి దగ్గర ఏదో చేస్తుంటుంది" అని చెబుతుంది.

కిందటేడు విశాఖలో చేనేత ప్రదర్శన జరిగింది. పెడన నుంచి వచ్చిన కలంకారీ అద్దకం ఆయన, వీరభద్రం గారు, నల్లరంగు ఎలా తయారవుతుందో చూపించారు. కుండలో ఇనుప ముక్కలు, బెల్లం, నీళ్ళు వేసి మూతపెట్టి రోజుల తరబడి నానబెడతారు. బెల్లంలో కావలసినంత కర్బనం ఉంది. పెళ్ళికొడుకూ పెళ్ళికూతురూ ఒకే కుండలో దొరికాక ఊరుకుంటానా? ఒక కూల్‌డ్రింక్ సీసాడు అడిగి తెచ్చుకున్నాను. ఆరబెట్టి కొలిమిలో పెడితే ఆరువందల డిగ్రీల లోపే ఇనుప కార్బైడ్ వచ్చేసింది. ఎక్స్‌రే యంత్రం గీసిన గీతలు చూసి గంతులు వేశాను.

సీసా అయిపోయింది. తర్వాత శుభ్రమైన ఇనుప లవణం, శుభ్రమైన పంచదార, ఆ తర్వాత కొట్లో కొన్న బెల్లం, అన్నీ కలిపి పదకొండుసార్లు చేశాను. పదకొండుసార్లూ తుప్పు వచ్చింది. మా గైడు గారు కళ్ళజోడు తుడుచుకుంటూ, "ఒక్కసారి వస్తే అది ఫలితం కాదమ్మా, పొరపాటు. వరసగా మూడుసార్లు రావాలి. ఎందుకొచ్చిందో చెప్పాలి. నెలాఖరులోగా చెప్పలేకపోతే ఆ అధ్యాయం తీసేద్దాం" అన్నారు. నా థీసిస్‌లో నాలుగు అధ్యాయాలున్నాయి. మొదటిది ఇంతకు ముందు ఎవరేం చేశారో చెబుతుంది, రెండోది యంత్రాల వర్ణన, నాలుగోది ముగింపు. మూడోది తీసేస్తే మిగిలేది అట్టే. అందుకే ఎర్రటెండలో బందరు వచ్చాను, ఆ కుండలో ఏముందో తెలుసుకుందామని.

పెడన ఆటో ఎక్కేముందు ఒక మిఠాయి కొట్లో తొక్కుడు లడ్డు తిన్నాను. ఈసారి తెలివిగా "ఇనుము మీద పరిశోధనండీ" అని చెప్పాను. కొట్టు పెద్దాయన ఎంతో జాలిగా, "రక్తం తక్కువా అమ్మా? ఇంకోటి తినండి, బెల్లంతో చేసిందే" అని చేతిలో పెట్టాడు. ఎలా చేస్తారని అడిగితే, శనగపిండి పూస వండి, దంచి, పాకంలో కలిపి మళ్ళీ దంచుతామని చెప్పి, "ఎంత దంచితే అంత కరుగుద్దండీ నోట్లో" అన్నాడు. నేనూ రోట్లో దంచుతానని, నా పొడి ఇంకా మెత్తగా ఉంటుందని చెప్పాను. ఆయన ముఖంలో మొదటిసారి పోటీ కనిపించింది.

పెడన

వీరభద్రం గారి సందులో రెండువైపులా గుడ్డలు ఆరుతున్నాయి. తలవంచి, పక్కకి ఒరిగి, ఒక నెమలి అచ్చుని ముఖాన రాసుకుని లోపలికి వెళ్ళాను. ఆయన నన్ను చూడగానే "సీసా అమ్మాయి!" అన్నారు. వాళ్ళావిడ నాగమణి గారు "భోంచేశారా?" అన్నారు. ఈ ప్రాంతంలో ఆ మాట పలకరింపు అనుకుని "ఆఁ" అన్నాను. అది పలకరింపు కాదు, నిజమైన ప్రశ్న. అబద్ధమని ముఖం చూసే కనిపెట్టి, ముద్దపప్పు, గోంగూర, పెరుగు వేసిన విస్తరి ముందు కూర్చోబెట్టారు. మా ఇంట్లో సంగటి ముద్ద ఒకటి తింటే భోజనం అయినట్టే. ఇక్కడ అన్నం మూడోసారి వడ్డించాక "ఇంకేం తిన్నారండీ, అసలు మొదలే పెట్టలేదు" అంటారు.

తిన్నాక కుండ దగ్గరకి వెళ్ళాం. మూత తీయగానే వచ్చిన వాసన గురించి రాయను, చదివేవాళ్ళలో భోజనం చేస్తూ చదివేవాళ్ళు ఉండొచ్చు. పాత కుండ కిందటి నెలే ఒంపేశారట, ఇది మూడు రోజుల కుండ. కరక్కాయ నీళ్ళలో తడిపి ఆరబెట్టిన గుడ్డ మీద ఆయన ఒక చుక్క వేశారు. బూడిదరంగు వచ్చింది.

"ఇంకా కుర్రకుండమ్మా ఇది. నలుపెక్కాలంటే ఇంకో పదిహేను రోజులు ఆగాల."

ఇంకో సీసాడు పట్టుకెళ్ళినా లాభం లేదు, ఇంకో పొరపాటు చేసినట్టవుతుంది. నాకు కారణం కావాలి. అయస్కాంతం, చీటీలు అంటించిన ప్లాస్టిక్ సంచులు, నలభై రెండు ప్రశ్నల జాబితా బయటికి తీశాను. ఇనుము ఎక్కడిది? ఎద్దుల లాడాలు, సైకిలు చువ్వలు, వంగిన మేకులు. ఏ కంపెనీ మేకులు? వీరభద్రం గారు నన్ను జాలిగా చూశారు. "వంగాక కంపెనీ ఏంటమ్మా?"

నీళ్ళు కాలవవి. కుండ ఎప్పుడూ కొనే కుమ్మరి దగ్గరిదే. పదిహేడో ప్రశ్న దగ్గర బెల్లం సంగతి వచ్చింది. అప్పటిదాకా గుమ్మంలో కూర్చుని వింటున్న నాగమణి గారు జవాబు అందుకున్నారు. "తినే బెల్లం కాదమ్మా. కిందటేడు ఈయన మంచి బెల్లం తెచ్చి కుండలో వెయ్యబోతే నేను లాక్కుని పరమాన్నం వండా. రంగులోకి వేరే ఉంటది."

నా పదకొండు ఓటముల్లో నేను వాడింది పరమాన్నం బెల్లమే! ఆ బెల్లం గుడివాడలో ఒక కొట్లో దొరుకుతుందని, "రంగుబెల్లం" అని అడగాలని వీరభద్రం గారు చెప్పారు. నేను మిగిలిన ఇరవై అయిదు ప్రశ్నలూ వదిలేసి రైలుకి పరుగెత్తాను. ఆ పరుగులో ఒక్క మాట జారిపోయింది, ఆ మాట విలువ గుడివాడలో తెలిసింది.

గుడివాడ

పొద్దున్నే నలభై రూపాయలకి ఉప్మా పెసరట్టు తిన్నాను. మా వైపు పొద్దున బొరుగులతో చేసే వగ్గాని, మిరపకాయ బజ్జీ తింటాం. ఉప్మా ఒక టిఫిను, పెసరట్టు ఇంకో టిఫిను, ఒకదాన్ని ఇంకోదాని కడుపులో పెట్టడం నాకు వింతగా తోచింది. సగం తిన్నాక వింత పోయింది, రెండోది చెప్పాను.

కొట్టు దొరికింది. షావుకారు గారు లావుపాటి మనిషి, పొడిమాటల మనిషి. నేను వెళ్ళి, రంగుబెల్లం అనే మాట గుర్తురాక, "నల్లబెల్లం ఉందాండీ?" అని అడిగాను.

ఆయన నా వెనక ఎవరైనా ఉన్నారేమో చూశారు. "లేదమ్మా. మేం అట్టాంటియి అమ్మం."

"నల్లగా, పాతగా, కారిపోయిందైనా ఫర్వాలేదండీ. కాచడానికే."

"కాచడానికా?" ఆయన గొంతు తగ్గించారు. "చూడబోతే చదువుకున్నదానిలా ఉన్నావు. నీకెందుకమ్మా ఈ సారా బతుకు?"

నాకు చర్రున కోపం వచ్చింది. కోపంలో నేను వివరంగా మాట్లాడతాను, అదే నా దోషం. మాది ప్రభుత్వ అనుమతి ఉన్న ల్యాబని, బెల్లాన్ని పులియబెట్టి, గొట్టపు కొలిమిలో పెట్టి, వచ్చే ఆవిర్లని సన్నటి గొట్టంలోంచి నీళ్ళలోకి పంపుతామని పూసగుచ్చినట్టు చెప్పాను. చెబుతూ చెబుతూ ఉండగా నాకే అనుమానం వచ్చింది. షావుకారు గారు చాలా మర్యాదగా అడిగారు. "మీ ల్యాబులో ఎంతమంది తాగుతారమ్మా?"

వీరభద్రం గారికి ఫోను చేసి ఆయన చెవిలో పెట్టాల్సి వచ్చింది. అవతలి నుంచి రెండు మాటలు వినగానే ఈయన పొట్ట కదిలేలా నవ్వారు. "రంగుబెల్లం అనాలండీ! ఒక్క ముక్క మార్చేసరికి మిమ్మల్ని పోలీసు స్టేషను దాకా పంపించేవాణ్ణి." ఇంట్లోంచి మజ్జిగ తెప్పించారు. సరుకు మాత్రం లేదు. అవనిగడ్డ అవతల రూతమ్మ గారి బెల్లం గానుగ నుంచి వస్తుందని, ఆమె దగ్గర ఆఖరి బస్తాలు ఉండొచ్చని, లేకపోతే మళ్ళీ చెరుకు నరికేదాకా దొరకదని చెప్పారు. మళ్ళీ చెరుకు నరికేటప్పటికి నా థీసిస్ అట్ట కూడా మిగలదు.

దివిసీమ

పామర్రులో బస్సు మారాను. పక్కసీటు రైతు ఏం పనని అడిగాడు. నేను అప్పటికి అలిసిపోయి ఉన్నాను, మొత్తం చెప్పేశాను: నానో కార్బైడ్.

"నానో యూరియా తెలుసండీ, సీసాలో వస్తది. నానో కార్బైడ్ మా సొసైటీకింకా రాలా. ఎకరానికి ఎన్ని మిల్లీలు కొట్టాలండీ?"

కొట్టకూడదని చెప్పాను. అయితే అరటికా అన్నాడు. దేనికీ కాదన్నాను. దేనికీ కానిదానికి మూడేళ్ళు ఎందుకని అడిగాడు. చల్లపల్లి దాకా కిటికీలోంచి చెరుకుతోటలు చూస్తూ కూర్చున్నాను.

రూతమ్మ గారికి అరవై దాటాయి. వేసవి కావడంతో గానుగ ఆగి ఉంది, పెద్ద పెనం బోర్లించి ఉంది. ఆమె నా నలభై రెండు ప్రశ్నలకీ ఓపిగ్గా జవాబు చెప్పారు. పాకంలో మురికి తీయడానికి సున్నం, బెండమొక్క జిగురు వాడతారు. తినే బెల్లానికీ అవే, రంగుబెల్లానికీ అవే. అడుగంటిందీ, వానకి కారిందీ వేరు చేసి రంగుకి పంపుతారు. నేను ప్రతిదీ రాసుకున్నాను. ప్రతిదీ రెండు బెల్లాల్లోనూ ఒకటే. కారణం దొరకలేదు. పుస్తకం మూసేశాను. ఆమె ముందు ఏడవకూడదని పెనం కేసి చూస్తూ నిలబడ్డాను.

"ముందు అన్నం తినమ్మా. తింటే తోచుద్ది" అన్నారామె.

ఉన్న ఒక్క కుర్చీలో ఆమెను కూర్చోబెట్టి, నేను పాకలో రంగుబెల్లం బస్తాల మీద పరిచిన ఖాళీ సంచి మీద కూర్చున్నాను. పళ్ళెంలో బొమ్మిడాయిల పులుసు. అనంతపురం మనిషికి బొమ్మిడాయి చేపలా కనిపించదు. పాము ఏమోనని భయపడుతూ ఒక ముద్ద నోట్లో పెట్టుకున్నాను, పెట్టుకున్నాక భయం పోయింది. అప్పుడు చూశాను, రూతమ్మ గారు కళ్ళు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టారు. నేనూ నోటినిండా పులుసన్నంతో కళ్ళు మూసుకున్నాను. నమలకూడదు, మింగనూ లేను. ఆమె తొందరపడే మనిషి కాదు. వర్షాల కోసం, పక్కింటి గేదె కోసం అయ్యాక నా వంతు వచ్చింది. "ప్రభువా, ఈ బిడ్డ ఇనుమును దీవించు. దానికేం కావాలో నువ్వే చూపించు. ఆమేన్."

ఆమేన్ అనబోతే ముద్ద అడ్డం పడింది. దగ్గుతూ మంచినీళ్ళ కోసం లేచాను. నాతోపాటు సంచి కూడా లేచింది. ఎండకి కింది బస్తాల్లోని బెల్లం కరిగి పైకి ఊరి, నా తెల్ల కుర్తాకి సంచిని అతికించేసింది. పీకితే కుర్తా చిరిగేలా ఉంది. నేను గుండ్రంగా తిరుగుతుంటే రూతమ్మ గారు కళ్ళజోడు పెట్టుకుని, నా నడుము మీద ఉన్న అక్షరాలు బడిపిల్లలా కూడబలుక్కుని చదివారు.

"వేప... పూత... యూరియా. నలభై అయిదు కిలోలు." తర్వాత నన్ను పైనుంచి కిందికి చూసి, "నువ్వింకా ఎక్కువే ఉంటావులే" అన్నారు.

నేను తిరగడం ఆపేశాను.

"ఈ సంచుల్లో యూరియా ఉండేదా అండీ?"

"ఇంకేముంటదీ?"

"కడిగాకే బెల్లం పోస్తారా?"

"కడగడమెందుకమ్మా, తినేది కాదుగా! దులిపి పోస్తాం. తినే బెల్లమైతే బుట్టలో గుడ్డ పరిచి పెడతా, దాన్ని ఈ సంచుల దరిదాపులకి రానియ్యను. పోయినేడు గోనెసంచులు దొరకలా. అప్పణ్ణించీ రంగుబెల్లానికి ఇయ్యే."

ఇనుముకి కర్బనంతో నేరుగా పెళ్ళి కుదరాలంటే బోలెడు వేడి కావాలి. మధ్యలో యూరియా ఉంటే, అది వేడికి విడిపోయి నత్రజని ఇస్తుంది. ఇనుము ముందు నత్రజనితో నిశ్చితార్థం చేసుకుంటుంది, తర్వాత దాన్ని వదిలేసి తక్కువ వేడిలోనే కర్బనాన్ని చేసుకుంటుంది. ఇది నేను పుస్తకాల్లో చదివాను, మొదటి అధ్యాయంలో స్వయంగా రాశాను కూడా. కానీ నేను యూరియా వెయ్యలేదు కదా! వెయ్యనిది ఎలా వచ్చిందో రెండు రోజులుగా వెతుకుతుంటే, దివిసీమలో ప్రతి గుమ్మం ముందూ కాళ్ళు తుడుచుకోవడానికి పరిచి ఉన్న సంచిలోంచి వచ్చింది.

రూతమ్మ గారిని పట్టుకుని ఎగిరాను, సంచి నా వెనక పటపటలాడింది. ఆమె కూడా నవ్వుతూ, "అడిగి పావుగంట కూడా కాలా" అని పైకి చూసి దణ్ణం పెట్టుకున్నారు. సంచిని వేడినీళ్ళతో ఊడదీశాం. కుర్తా మీద అక్షరాలు మిగిలిపోయాయి.

తిరుగు బస్సు

పది కిలోల బెల్లం, దాని సంచితో సహా, ఒళ్ళో పెట్టుకుని అవనిగడ్డలో బస్సెక్కాను. కండక్టరు గారు వాసన పీల్చారు. "ఏంటమ్మా అందులో?"

నా ఆనందంలో నేను నిజం చెప్పాను. "బెల్లం, యూరియా అండీ!"

బస్సు మొత్తం నాకేసి తిరిగింది. నాటుసారాలో పడేవి సరిగ్గా ఆ రెండేనని ఆ బస్సులో తెలియనిదాన్ని నేనొక్కదాన్నే. వెనకసీటు పెద్దావిడ, "ఆడపిల్లవి, ఎందుకమ్మా ఆ పాపం?" అని బతిమాలింది. ఇంకొకాయన ఎక్కడ కాస్తారో మెల్లగా అడిగాడు, ఆయన గొంతులో మాత్రం మందలింపు లేదు. కండక్టరు గారు నన్ను తన కళ్ళెదురుగా ముందుసీట్లో కూర్చోబెట్టారు. బెజవాడ దాకా నేను పుస్తకంలో గీతలు గీసి ఇనుము, నత్రజని, కర్బనం కథ చెప్పాను. దిగేటప్పుడు ఆయన, "మొదటి సంబంధం తప్పిపోయినా మంచే జరిగిందన్నమాట" అన్నారు. మా గైడు గారికి కూడా అంత బాగా అర్థం కాలేదు.

విశాఖ

యూరియా సంచిలోని బెల్లంతో, ఎద్దు లాడాల ఇనుముతో మొదటిసారి చేశాను, కార్బైడ్ వచ్చింది. రెండోసారి వచ్చింది. అదే బెల్లంలో సంచి తగలని లోపలి ముక్క తీసి చేస్తే తుప్పు వచ్చింది, ఆ తుప్పుని చూసి నేను జీవితంలో మొదటిసారి సంతోషించాను. మిగిలింది మూడోసారి. గడువుకి రెండు రోజులుంది.

మూడోసారి కొలిమిలోంచి తీసిన పొడిని యంత్రంలో పెట్టే ముందు, కార్బైడ్ కాని చెత్తంతా కరిగిపోవడానికి పలచటి ఆమ్లంలో కడగాలి. కార్బైడ్ కాకపోతే పొడి కూడా కరిగిపోతుంది. ఒకసారి కడిగాను. అప్పుడే పెడన నుంచి ఫోను వచ్చింది. స్పీకరులో పెట్టి బల్లమీద ఉంచాను. వీరభద్రం గారు నా పొడి సంగతి అడగడానికే చేశారు.

"నలుపొచ్చిందా అమ్మా?"

"వచ్చిందండీ. కానీ కడుగుతున్నాను. నిలుస్తుందో లేదో తెలీదు."

"ఉతకండి మరి. రంగు ఉతికితేనే తెలిసేది. నేనుంటా."

ఆయన లైనులోనే ఉన్నారు. రెండోసారి కడిగాను. నేపథ్యంలో నాగమణి గారు ఎవరినో భోంచేశారా అని అడగడం వినిపించింది. మూడోసారి కడిగి, సీసా కింద అయస్కాంతం పెట్టాను. నీళ్ళు తేటగా అయ్యాయి. అడుగున నల్లటి పొడి అంతా అలాగే ఉంది. నాకు ఏడుపొచ్చింది, ఈసారి ఆపుకోలేదు.

"మూడుసార్లు ఉతికానండీ. పోలేదు."

"పోలేదా?" అవతల ఆయన ఊపిరి వదిలిన చప్పుడు స్పష్టంగా వినిపించింది. "అయితే మీకు మా పని వచ్చినట్టేనమ్మా."